తూకం తప్పని కలం: షోయబుల్లా ఖాన్

తూకం అనేది అంగడికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. మాటకూ తూకం ఉంటుంది. సాక్ష్యానికీ, తీర్పుకూ తూకం ఉంటుంది. దివ్య ఖుర్ఆన్‌లో హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) వృత్తాంతం పలు అధ్యాయాలలో వస్తుంది. ఆయన మద్‌యన్ వాసుల వద్దకు పంపబడిన ప్రవక్త. ఏకదైవారాధన తర్వాత ఆయన తన జాతి వారికి పదే పదే చెప్పిన మాట ఒక్కటే: కొలతల్లో, తూనికల్లో తగ్గించి ఇవ్వకండి, ఎవరికి రావలసినది వారికి పూర్తిగా ఇవ్వండి. ఆ హితవు వారికి రుచించలేదు. ఊరి నుండి వెళ్లగొడతామని సొంత జాతి పెద్దలే ఆయనను బెదిరించారు. అయినా ఆయన తన మాట మార్చుకోలేదు. ఆయన వాక్పటిమను బట్టి మన పండితులు ఆయనను ప్రవక్తలలో గొప్ప ఉపన్యాసకునిగా పేర్కొన్నారు.

ఆ మహనీయుని పేరు పెట్టుకున్న ఒక యువకుడు మన ఓరుగల్లు ప్రాంతంలోనే పుట్టాడు. తూనికలు, కొలతల బదులు ఆయన చేతికి వచ్చింది కలం. ఆయన కూడా తన జాతి వారికి తూకం తప్పవద్దనే చెప్పాడు. ఆయనకూ బెదిరింపులే ఎదురయ్యాయి. 1948 ఆగస్టులో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే, హైదరాబాద్ వీధిలో ఆయన చేయి నరికి ప్రాణం తీశారు. ఆయనే ఇమ్రోజ్ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్.

ఏటేటా సెప్టెంబరు 17 వచ్చిందంటే మన రాష్ట్రంలో ఆ రోజును ఏ పేరుతో పిలవాలన్న వాదన మొదలవుతుంది. కొందరు విమోచన అంటారు, కొందరు విలీనం అంటారు, కొందరు సమైక్యత అంటారు. ఆ వేడిలో షోయబుల్లా ఖాన్ పేరు వేదికల మీద నాలుగు రోజులు వినిపించి మళ్లీ మరుగున పడుతుంది. మన మస్జిదులలో, మదర్సాలలో మాత్రం ఆ నాలుగు రోజులైనా వినిపించదు. మేము పాఠం చెప్పే పిల్లలకు బాగ్దాద్, కుర్తుబా నగరాల చరిత్ర తెలుసు. మా ఏటూరునాగారం, షోయబుల్లా పుట్టిన మానుకోట తాలూకా నిన్నమొన్నటి దాకా ఒకే వరంగల్ జిల్లాలో ఉండేవి. అయినా ఆయన ఎవరో ఆ పిల్లలకు తెలియదు. అందుకే ఈ వారం ఆయన జీవితాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

జననం, విద్య

షోయబుల్లా ఖాన్ 1920 అక్టోబరులో మహబూబాబాద్ తాలూకాలోని సుబ్రవేడు గ్రామంలో జన్మించారు. ఇది నేడు మహబూబాబాద్ జిల్లా ప్రాంతం. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. వారి పూర్వీకులు ఉత్తర హిందూస్తాన్ నుండి వచ్చి దక్కనులో స్థిరపడినవారు. తల్లి పేరు లాయఖున్నీసా బేగం. కొడుకు రూపురేఖల్లో గాంధీజీ పోలిక కనిపించేదని, తండ్రి అతనిని ముద్దుగా షోయబుల్లా గాంధీ అని పిలుచుకునేవారని చెబుతారు. నిజాం సర్కారులో పనిచేసే ఒక పోలీసు ఉద్యోగి ఇంట్లో ఆ పేరు పలకడమే ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఆయన ఉన్నత విద్య ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సాగింది. 1918లో స్థాపించబడిన ఆ విద్యాలయంలో అప్పట్లో వైద్యం, ఇంజనీరింగు సహా అన్ని శాస్త్రాలూ ఉర్దూలోనే బోధించేవారు. దానికోసం దారుల్ తర్జుమా పేరుతో ప్రత్యేకంగా ఒక అనువాద శాఖనే నెలకొల్పారు. ఒక భారతీయ భాషలో విశ్వవిద్యాలయ విద్య అన్నది దేశంలోనే కొత్త ప్రయోగం. ఉర్దూ మీద షోయబుల్లాకు కలిగిన పట్టు అక్కడ మరింత పదునెక్కింది.

ఆ కాలంలో ఉస్మానియా పట్టా చేతికి వచ్చిన ముస్లిం యువకునికి సర్కారు నౌకరీ దాదాపు సిద్ధంగా ఉండేది. తండ్రి పోలీసు శాఖలోనే ఉన్నారు కాబట్టి ఈయనకు దారి మరింత సులువు. కాని ఆయన ఆ వైపు చూడలేదు. జీతం తక్కువ, జైలు భయం ఎక్కువ అయిన పత్రికా వృత్తిని ఎంచుకున్నారు.

ఆనాటి హైదరాబాద్

షోయబుల్లా ఎంచుకున్న దారి ఎంత కఠినమైనదో తెలియాలంటే అప్పటి హైదరాబాద్ రాజ్యంలోని పార్టీలను, ఉద్యమాలను కొంచెం తెలుసుకోవాలి.

1941 జనగణన నాటికి రాజ్యంలో ఒక కోటి అరవై లక్షలకు పైగా జనాభా ఉండేది. తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలు అందులో కలిసి ఉండేవి. ముస్లిములు సుమారు ఎనిమిదో వంతు. పాలకుడు ముస్లిం. పైస్థాయి ఉద్యోగాల్లో, పోలీసు శాఖలో, సైన్యంలో ముస్లిముల సంఖ్య ఎక్కువ. దీనిని చూసి ముస్లిములందరూ పాలకులేనన్న అపోహ బయటివారిలోనే కాదు, మనవారిలోనూ ఉండేది. వాస్తవం వేరు. జాగీర్దార్లు, నవాబులు గుప్పెడు మంది. మిగిలిన ముస్లిములు జవాన్లు, జట్కావాలాలు, నేతపనివారు, దూదేకులవారు, కూలీలు, చిన్న రైతులు. జనగామ ప్రాంతంలో విసునూరు దేశ్‌ముఖ్ కుటుంబంతో భూమి కోసం కోర్టుల్లో పోరాడి గెలిచి, చివరికి హత్యకు గురైన షేక్ బందగీ అటువంటి పేద రైతే. కామారెడ్డిగూడెంలో ఆయన సమాధిని నేటికీ అన్ని మతాల వారూ గౌరవిస్తారు. ఆ రాజ్యంలో దొరతనం కింద నలిగిన వారిలో కలిమా చదివే వారూ ఉన్నారనడానికి ఆ సమాధి సాక్ష్యం.

ప్రజల కదలిక ముందుగా భాష, సంస్కృతుల పేరుతో మొదలైంది. 1921లో ఆంధ్ర జనసంఘం ఏర్పడింది. 1926లో గోలకొండ పత్రిక వచ్చింది. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ తొలి సమావేశం సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ ఏర్పాటు కాబోతుండగానే ప్రభుత్వం దానిని నిషేధించింది. ఆ నిషేధం 1946 వరకు తొలగలేదు. 1944లో భువనగిరి మహాసభతో ఆంధ్ర మహాసభ చీలి, ఒక వర్గం కమ్యూనిస్టుల నాయకత్వంలోకి వెళ్లింది. 1946 జూలైలో కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పులకు బలి కావడంతో రైతాంగ పోరాటం రగులుకుంది. ఉర్దూ మహాకవి మఖ్దూం మొహియుద్దీన్ వంటి ముస్లిం మేధావులు కార్మికులతో, కమ్యూనిస్టులతో కలిసి నడిచారు.

ముస్లిముల పక్షాన ప్రధాన సంస్థ మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్. 1927లో అది ఏర్పడినప్పుడు దాని ఉద్దేశం ముస్లిముల్లోని వివిధ వర్గాలను ఒక తాటి మీదికి తేవడం. 1930ల చివరిలో నవాబ్ బహాదుర్ యార్ జంగ్ నాయకత్వంలో అది పెద్ద రాజకీయ శక్తిగా మారింది. ఆయన సాటిలేని వక్త. బిరుదును, జాగీరును సైతం వదులుకున్న వ్యక్తి. ఆయన స్వంత జీవితంలోని త్యాగాన్ని మేము తక్కువ చేయము. అయితే ఆ కాలంలోనే మజ్లిస్ ఒక సిద్ధాంతాన్ని ప్రచారంలో పెట్టింది. దాని ప్రకారం రాజ్యాధికారం నిజాము ఒక్కనిది కాదు, ముస్లిం సముదాయానిది. నిజాము దానికి ప్రతీక మాత్రమే. అంటే ప్రతి ముస్లిం తనకు తాను పాలకుడే. కూలికి పోయే ముస్లిముకు ఈ మాట కడుపు నింపలేదు. పొరుగువాని ముందు మాత్రం తలకెక్కింది. బహాదుర్ యార్ జంగ్ 1944 జూన్‌లో హఠాత్తుగా కన్నుమూశారు. 1946లో లాతూరుకు చెందిన వకీలు ఖాసిం రజ్వీ మజ్లిస్ అధ్యక్షుడయ్యాడు. రజాకార్లు, అంటే స్వచ్ఛంద సేవకులు, ఆయన చేతిలో ఆయుధ దళంగా మారారు. సేవ అనే అర్థం గల మంచి ఉర్దూ మాట పల్లె జనానికి భయం పుట్టించే మాటగా మారిపోయింది.

తేజ్, రయ్యత్, ఇమ్రోజ్

షోయబుల్లా మొదట పనిచేసినది తేజ్ పత్రికలో. నిర్బంధాలను, ప్రజలపై జరిగే దౌర్జన్యాలను ఆ పత్రిక బయటపెట్టేది. ప్రభుత్వం దానిని మూయించింది. తర్వాత ఆయన మందుముల నరసింగరావు గారి రయ్యత్ పత్రికలో చేరారు. రయ్యత్ అంటే ప్రజ, రైతు. ఒక హిందూ సంపాదకుడు ఉర్దూలో నడిపిన ఆ పత్రికలో ఒక ముస్లిం యువకుడు రైతుల గోడు రాశాడు. ఉర్దూ ఒక మతానికి కట్టుబానిస కాదనడానికి ఇంతకన్నా ఏం నిదర్శనం కావాలి? కొంతకాలానికి రయ్యత్ మీద కూడా వేటు పడింది.

వరుసగా రెండు పత్రికలు మూతపడితే మరొకరైతే వేరే బ్రతుకుతెరువు చూసుకునేవారు. షోయబుల్లా తానే ఒక పత్రిక పెట్టాలని నిశ్చయించుకున్నారు. డబ్బు లేదు. ఇంట్లోని స్త్రీలు తమ నగలు ఇచ్చారు. బూర్గుల రామకృష్ణారావు గారు మొదలైన కాంగ్రెస్ మిత్రులు తోడ్పడ్డారు. 1947 నవంబరు 15న కాచిగూడ నుండి ఇమ్రోజ్ దినపత్రిక వెలువడింది. ఇమ్రోజ్ అంటే నేడు, ఈ రోజు అని అర్థం. నిన్నటి వైభవాన్ని తలచుకుంటూ మురిసిపోయే వారి మధ్య ఆ పేరు పెట్టడంలోనే ఆయన ఆలోచన కనబడుతుంది. మనం నేడు ఎక్కడున్నాం, ఎటు పోతున్నాం అన్నదే ఆయన వేసిన ప్రశ్న.

అప్పటి పరిస్థితి ఇది. 1947 జూన్‌లోనే నిజాం తాను ఏ దేశంలోనూ చేరబోనని, బ్రిటిష్ వారు వెళ్లిపోగానే స్వతంత్రుడనవుతానని ప్రకటించాడు. ఆగస్టు 7న స్టేట్ కాంగ్రెస్ స్వామి రామానంద తీర్థ నాయకత్వంలో భారత యూనియన్‌లో చేరాలని ఉద్యమం ప్రారంభించింది. సెప్టెంబరు 2న మన వరంగల్ జిల్లా పరకాలలో జాతీయ జెండా ఎగురవేయబోయిన జనంపై కాల్పులు జరిగి అనేకులు ప్రాణాలు కోల్పోయారు. అక్టోబరు 27న ఢిల్లీకి ఒప్పందం కోసం బయలుదేరవలసిన ప్రతినిధుల ఇండ్లను రజాకార్ల గుంపులు చుట్టుముట్టి ప్రయాణాన్ని ఆపేశాయి. ప్రధానమంత్రి ఛత్తారీ నవాబు తప్పుకున్నారు. ఆయన స్థానంలో మీర్ లాయఖ్ అలీ వచ్చారు. నవంబరు 29న ఏడాది పాటు అమలులో ఉండే యథాతథ ఒప్పందం కుదిరింది. సంప్రదింపులకు దొరికిన ఆ ఏడాది గడువును రజాకార్లు రక్తంతో నింపారు.

ఇమ్రోజ్ పుట్టినది ఈ రెండు సంఘటనల మధ్య. దాని వైఖరి సూటిగా ఉండేది: హైదరాబాద్ భారత యూనియన్‌లో చేరాలి, ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం రావాలి, రజాకార్ల ఆగడాలు ఆగాలి. 1948 తొలి రోజుల్లో ఆయన రాసిన ఒక సంపాదకీయం పెద్ద దుమారం లేపింది. పగలు ఒక ప్రభుత్వం, రాత్రి ఒక ప్రభుత్వం ఈ రాజ్యాన్ని ఏలుతున్నాయన్నది దాని సారాంశం. రాత్రి ప్రభుత్వం ఎవరిదో పేరు చెప్పకపోయినా పాఠకులందరికీ తెలుసు.

ఆయన ఎందుకు అలా రాశారు?

ఇక్కడ పాఠకులు ఒక ప్రశ్న అడగవచ్చు. ఆనాటి ముస్లిముల భయాలలో నిజం లేదా? ఉన్నది. దేశ విభజన సమయంలో పంజాబులో, ఢిల్లీలో జరిగిన మారణకాండ వార్తలు రోజూ వచ్చేవి. ఇండ్లు వదిలి హైదరాబాద్‌కు చేరిన శరణార్థులు తమ కథలు చెప్పేవారు. విలీనమైతే ఉద్యోగాలు పోతాయని, ఉర్దూ పోతుందని, విశ్వవిద్యాలయం పోతుందని సామాన్యులు బెంగపడేవారు. ఈ బెంగ పడినవారందరూ దుర్మార్గులు కారు. తర్వాత జరిగిన దానిని చూస్తే వారి భయం పూర్తిగా ఊహ కూడా కాదు.

షోయబుల్లాకు ఈ భయాలు తెలియనివి కావు. ఆయనా ఆ సముదాయం బిడ్డే, ఆ ఉర్దూలోనే బ్రతికినవాడే. అయితే భయానికి మందు ఏమిటన్న దగ్గరే ఆయన దారి వేరయింది. ఎనిమిదో వంతు ఉన్నవారు ఏడు వంతులు ఉన్నవారిని తుపాకీతో ఎంతకాలం అణచగలరు? చుట్టూ నాలుగు వైపులా భారతదేశమే ఉన్న రాజ్యం ఎవరి సాయంతో నిలబడుతుంది? చేతిలో బలం ఉన్నప్పుడే మర్యాదగా మాట్లాడుకుని ఒప్పందం చేసుకుంటే ముస్లిముల హక్కులు మిగులుతాయి. పొరుగువాని ఇల్లు తగలబెట్టి ఆ తర్వాత అతని దయ కోరితే ఏం మిగులుతుంది? ఇమ్రోజ్ వాదంలోని సారం ఇదే. అది ముస్లిములకు ద్రోహం కాదు, ముస్లిముల మేలు కోరిన మాట.

ఈ మాట అన్నది ఆయన ఒక్కరే కాదు. దేశస్థాయిలో మౌలానా అబుల్ కలాం ఆజాద్, దేవ్‌బంద్ పెద్దలు మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ మొదటి నుండీ హిందూ ముస్లిములు కలిసి ఒకే దేశంగా బ్రతకాలని కోరినవారే. హైదరాబాద్‌లోనే 1948 ఆగస్టులో బాకర్ అలీ మీర్జా, ఫరీద్ మీర్జా మొదలైన ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఒక ప్రకటన చేశారు. రజాకార్లను రద్దు చేయాలని, భారత యూనియన్‌లో చేరాలని అందులో కోరారు. ఫరీద్ మీర్జా రజాకార్ల దౌర్జన్యాలను కళ్లారా చూసి తహసీల్దారు ఉద్యోగాన్ని వదులుకున్న వ్యక్తి. ఆ ప్రకటనను ప్రచురించే ధైర్యం ఇమ్రోజ్‌కు ఉన్నది.

ఆగస్టు 21 రాత్రి

అంతకు కొంతకాలం ముందు నుండే షోయబుల్లాకు బెదిరింపు ఉత్తరాలు వస్తున్నాయి. జాగ్రత్తగా ఉండమని మిత్రులు హెచ్చరించారు. ఆ ఉత్తరాలు చూసి కూడా ఆయన పత్రిక ఆపలేదు, ఊరు విడిచి వెళ్లలేదు. ఆగస్టు మూడో వారంలో జరిగిన ఒక సభలో ఖాసిం రజ్వీ, తమకు వ్యతిరేకంగా లేచే చేతులు నరికివేయబడతాయన్న అర్థంలో బహిరంగంగా హెచ్చరించాడు.

1948 ఆగస్టు 21న మరుసటి రోజు పత్రిక పనులు ముగించుకుని అర్ధరాత్రి వేళ ఆయన కాచిగూడ కార్యాలయం నుండి నడిచి ఇంటికి బయలుదేరారు. వెంట బావమరిది ఇస్మాయీల్ ఖాన్ ఉన్నారు. చప్పల్ బజారు సమీపంలో దుండగులు వెనుక నుండి వచ్చి తుపాకీ కాల్చారు. కింద పడిన మనిషి చేతిని కత్తులతో నరికారు. అది రాసే చేయి. అడ్డం వచ్చిన ఇస్మాయీల్ ఖాన్‌ను కూడా నరికి తీవ్రంగా గాయపరిచారు. షోయబుల్లా ఆగస్టు 22 తెల్లవారుజామున ప్రాణం విడిచారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్.

ఇమ్రోజ్ వయస్సు అప్పటికి తొమ్మిది నెలలు. ఆయన స్థానంలో దానిని నడిపేవారు లేకపోయారు.

ఉర్దూ పత్రికా చరిత్రలో ప్రాణం ఇచ్చిన తొలి సంపాదకునిగా ఢిల్లీ ఉర్దూ అఖ్బార్ సంపాదకులు మౌల్వీ ముహమ్మద్ బాకర్‌ను స్మరించుకుంటాము. 1857 తిరుగుబాటు సమయంలో ఆంగ్లేయులు ఆయన ప్రాణం తీశారు. 1912లో మౌలానా ఆజాద్ స్థాపించిన అల్ హిలాల్ పత్రికను ఆంగ్ల ప్రభుత్వం ధరావత్తుల పేరుతో పీడించి మూయించింది. ఆ ఇద్దరినీ హింసించినది పరాయి ప్రభుత్వం. కనుక వారిని గౌరవించడం మనకు సులభం. షోయబుల్లాను చంపినవారు మాత్రం మన సముదాయం పేరు చెప్పుకున్నవారు. అందువల్లనే ఆయనను తలచుకోవడం మనకు కష్టంగా ఉంటుంది. పరాయివాని దౌర్జన్యాన్ని ఖండించడానికి నోరు చాలు. మనవాని దౌర్జన్యాన్ని ఖండించడానికి ఈమాన్ కావాలి.

ఆ తర్వాత ఏం జరిగింది?

షోయబుల్లా హత్య జరిగిన అయిదారు రోజులకే బైరాన్‌పల్లి గ్రామంపై రజాకార్లు, నిజాం బలగాలు విరుచుకుపడి ఊరివారిని పెద్ద సంఖ్యలో చంపారు. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్‌లో ప్రవేశించింది. 17న నిజాం ఓటమిని అంగీకరించాడు. వందల ఏండ్లు నిలబడతామని ప్రగల్భాలు పలికిన శక్తి అయిదు రోజులు కూడా నిలబడలేదు. రజాకార్ల సంస్థ రద్దయింది. ఖాసిం రజ్వీ అరెస్టయి ఏండ్ల తరబడి జైలులో ఉన్నాడు. 1957లో విడుదలై పాకిస్తాన్‌కు వెళ్లిపోయాడు. 1970లో అక్కడే మరణించాడు. ఎవరి రక్షణ కోసమని ఆయన కత్తి ఎత్తాడో, వారంతా ఇక్కడే ఉండిపోయారు.

వారు చెల్లించిన మూల్యం చాలా పెద్దది. సైనిక చర్య సమయంలోను, ఆ తర్వాతి వారాల్లోను ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలలో ముస్లిములపై ఘోరమైన హింస జరిగింది. భారత ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ బృందం 1948 చివరిలో ఆ ప్రాంతాలలో పర్యటించింది. అందులో హైదరాబాద్ పయామ్ పత్రిక సంపాదకులుగా పేరొందిన ఖాజీ అబ్దుల్ గఫార్ కూడా ఉన్నారు. తక్కువలో తక్కువ 27 వేల నుండి 40 వేల మంది వరకు మరణించి ఉంటారని ఆ బృందం అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. 2013లో గాని ప్రజలకు అందుబాటులోకి రాలేదు.

ఆ హతులలో రజాకార్లు ఎందరు? దౌర్జన్యం చేసినవారిలో చాలామంది ముందే పారిపోయారు. బలి అయినవారిలో ఎక్కువమంది ఎవరి జోలికీ పోని రైతులు, కూలీలు, వారి ఆడవారు, పిల్లలు. షోయబుల్లా ముందుగా చూసి హెచ్చరించినది ఈ ప్రమాదాన్నే. ఆయన మాట విని ఉంటే ఆ రక్తంలో ఒక్క చుక్క కూడా చిందేది కాదని మేము అనము. కాని విషం ఇంతగా పాకి ఉండేది కాదని మాత్రం చెప్పగలము.

మన వంతు తూకం

షోయబుల్లా ఖాన్ విషయంలో రెండు రకాల తూకపు మోసం జరుగుతున్నది. రెండింటినీ పాఠకులు గుర్తించాలి.

మొదటిది కొందరు రాజకీయవాదులు చేసేది. వారు షోయబుల్లా పేరు తీసుకుంటారు, ఆయన ఒక్కడే మంచి ముస్లిం అన్నట్టు చెబుతారు. మిగిలిన ముస్లిములందరినీ రజాకార్ల లెక్కలో వేస్తారు. ఏడుగురు ముస్లిముల ప్రకటనను చెప్పరు, బందగీని చెప్పరు, మఖ్దూంను చెప్పరు. బైరాన్‌పల్లిని చెబుతారు, సుందర్‌లాల్ నివేదికను చెప్పరు. ఏ మనిషి అయితే ముస్లిముల మేలు కోసం ప్రాణం ఇచ్చాడో, ఆయన పేరునే ముస్లిముల మీద కర్రగా వాడుతారు. ఇది షోయబుల్లాకు జరుగుతున్న రెండో అన్యాయం.

రెండవది మన ఇండ్లలో జరిగేది. పోలీసు చర్యలో మనవారు పడిన బాధను పెద్దలు కన్నీళ్లతో చెప్పుకుంటారు. అది చెప్పుకోవలసినదే. కాని దానికి ముందు ఏడాది పాటు పల్లెల్లో జరిగినది చెప్పేటప్పుడు గొంతు తగ్గిపోతుంది. షోయబుల్లా పేరు వస్తే కాంగ్రెసు మనిషి అని, పరాయివారి పక్షం అని మాట దాటవేసేవారు ఉన్నారు. మన చనిపోయినవారిని ఒక తక్కెడలో, పొరుగువారి చనిపోయినవారిని మరో తక్కెడలో తూచడం మద్‌యన్ వర్తకుల పద్ధతి. ఇది మన పద్ధతి కాకూడదు.

మన ధర్మం ఈ విషయంలో ఏ సందేహానికీ తావు ఇవ్వలేదు. న్యాయం విషయంలో స్వయంగా మనకు, మన తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగా సాక్ష్యం ఇవ్వవలసి వచ్చినా ఇవ్వాలని దివ్య ఖుర్ఆన్ ఆదేశిస్తున్నది. ఏ జాతి మీదనైనా మనకున్న వైరం మనల్ని న్యాయం తప్పేలా చేయకూడదని కూడా ఆదేశిస్తున్నది. అన్యాయం చేస్తున్న సోదరునికి ఎలా సహాయపడాలని అనుచరులు అడిగినప్పుడు, అతని చేతిని అన్యాయం నుండి ఆపడమే అతనికి సహాయమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వివరించారు. దౌర్జన్యపరుడైన పాలకుని ఎదుట న్యాయమైన మాట పలకడం గొప్ప జిహాద్ అని కూడా ఆయన బోధించారు. ఈ బోధనలను పక్కన పెట్టి చూడండి. 1948లో హైదరాబాద్‌లో ఎవరు జిహాద్ చేశారు? నిరాయుధుని మీద అర్ధరాత్రి వెనుక నుండి తుపాకీ పేల్చినవారా, రేపటి పత్రిక కోసం దీపం ముందు కూర్చుని నిజం రాసినవాడా? మనుషుల హృదయాలను తూచేవాడు అల్లాహ్ ఒక్కడే. మన కళ్ల ముందు ఉన్నది వారి పనులు. వాటిని తూచడానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు.

జాతి అంటే తప్పు చేసినా వెనుకేసుకు రావడమేనని అనుకునేవారు అన్ని మతాలలోను, అన్ని పార్టీలలోను నేడు కూడా ఉన్నారు. పార్టీలు వస్తాయి, పోతాయి. జెండాలు మారుతాయి. ఆ నాటి రాజ్యమే పోయింది. కాని తన వారి మధ్య నిలబడి తన వారి తప్పును చెప్పగలిగిన మనిషి అవసరం ఏ కాలానికైనా ఉంటుంది. అటువంటి మనిషిని సముదాయం శత్రువుగా చూస్తే నష్టపోయేది సముదాయమే. 1948 మనకు నేర్పిన పాఠం ఇది.

మన మదర్సాల్లో, పాఠశాలల్లో పిల్లలకు ఆయన కథ చెప్పాలి. ఆగస్టు 22న ఒక గంట సమయం కేటాయించి ఆయనను గుర్తు చేసుకోవాలి. సెప్టెంబరు 17 గురించి పొరుగువారితో మాట్లాడవలసి వచ్చినప్పుడు బైరాన్‌పల్లిని, ఉస్మానాబాద్‌ను, రెండింటినీ ఒకే నోటితో చెప్పే అలవాటు చేసుకోవాలి. అప్పుడు మన మాటకు విలువ పెరుగుతుంది. మన బాధను కూడా ఎదుటివాడు వింటాడు.

అల్లాహ్ షోయబుల్లా ఖాన్‌ను మన్నించి తన కారుణ్యంలో చోటు ప్రసాదించుగాక! ఆనాడు అన్యాయంగా ప్రాణాలు కోల్పోయిన వారందరి కుటుంబాలకు, వారు ఏ మతం వారైనా సరే, ఊరట కలిగించుగాక! మన చేతిలోని త్రాసును, మన నోటిలోని మాటను, మన కలంలోని సిరాను కల్తీ లేకుండా ఉంచుగాక! ఆమీన్.